దీపం ఆర్పే దొంగ

శూద్రకుడి మృచ్ఛకటికం మూడో అంకంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. ఏ ఆకారంలో వేస్తే బావుంటుందో తీరిగ్గా ఆలోచించి పూర్ణకుంభం ఖాయం చేసుకుంటాడు. కొలతాడు మర్చిపోయి వచ్చానని గుర్తొచ్చి జంధ్యంతో కొలుస్తాడు. తలుపు కిర్రుమనకుండా నీళ్ళు చల్లి, ఆ నీళ్ళు నేలమీద పడి చప్పుడవుతాయేమోనని మళ్ళీ కంగారుపడతాడు. లోపల దీపం వెలుగుతుంటే, ఆ పనికోసమే తెచ్చుకున్న పురుగునొకదాన్ని వదుల్తాడు. అది దీపం చుట్టూ తిరిగి రెక్కల గాలితో ఆర్పేస్తుంది.

ఈ అంకం మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కంటే ముందు నవ్వొచ్చింది. ఇదంతా నేను అప్పటికే ఆడేశాను! పురుగు బదులు నీటి బాణం, అంతే తేడా.

నేను చెబుతున్నది థీఫ్ అనే కంప్యూటర్ గేము గురించి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో ఉండే లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ వాళ్ళు తీసిన ఆట. మొదటిది 1998 చివర్లో వచ్చిన థీఫ్: ది డార్క్ ప్రాజెక్ట్. రెండోది 2000 మార్చిలో వచ్చిన థీఫ్ 2: ది మెటల్ ఏజ్. ఈ రెంటిలో ఏది గొప్పదన్న తగువు పాతికేళ్ళుగా తెగలేదు. ఇంజనీరింగ్ రోజుల్లో హాస్టల్లో ఎవరి దగ్గరనుంచో కాపీ అయ్యి నాదాకా వచ్చింది రెండోదే. ఆ తర్వాతెప్పుడో మొదటిది ఆడితే ముతగ్గా, తలాతోకా లేనట్టుగా అనిపించింది. చాలా ఏళ్ళు నేను రెండోదాని పక్షమే. ఈమధ్య రెండూ వరసగా, రాత్రిళ్ళు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ ఆడాను. పక్షం మారింది. ఎందుకు మారిందో నాకు నేను చెప్పుకోడానికే ఇది రాస్తున్నాను.

ముందు కాస్త చరిత్ర. దాక్కుంటూ ఆడే ఆటలు 1998లో పుట్టలేదు. 1981లో సైలస్ వార్నర్ రాసిన కాజిల్ వుల్ఫెన్‌స్టైన్‌లో ఖైదీ నాజీల కోటలోంచి తప్పించుకోవాలి. 1987లో హిదేయో కొజిమా తీసిన మెటల్ గేర్‌లో సైనికుడు శత్రువుల కంటపడకుండా తిరగాలి. కానీ ఈ రకం ఆటకి స్టెల్త్ అనే పేరూ ఒక కుదురూ వచ్చింది మాత్రం 1998లోనే. ఆ ఏడాదే జపాన్‌లో టెన్చు, మెటల్ గేర్ సాలిడ్ వచ్చాయి. ఏడాది చివర థీఫ్. జపాన్ ఆటలు రెంటిలోనూ మనిషిని బయటినుంచి చూస్తూ నడిపిస్తాం. థీఫ్‌లో దొంగ కళ్ళతో చూస్తాం. గోడ మలుపు అవతల ఎవరున్నారో మనకీ తెలీదు. తెలియాలంటే వినాలి.

ఈ వినడం కోసం లుకింగ్ గ్లాస్ ప్రోగ్రామర్లు చేసిన పని ఇవాళ చూసినా ముచ్చటేస్తుంది. చప్పుడు చేసిన చోటికీ వినే చోటికీ మధ్య తిన్నగా ఉన్న దూరాన్ని బట్టి వాల్యూమ్ తగ్గిస్తే పని సులువుగా అయిపోతుంది. అలా చేస్తే గోడ అవతలివాడు పక్కనే ఉన్నట్టు వినిపిస్తాడు. థీఫ్‌లో కంటికి కనబడే కట్టడం కాక, చప్పుడు కోసం గదుల పటం ఒకటి విడిగా ఉంటుంది. ఏ గదిలోంచి ఏ గదిలోకి ఏ గుమ్మం గుండా దారి ఉందో అందులో రాసుంటుంది. చప్పుడు ఆ గుమ్మాల గుండానే వస్తుంది. తలుపు మూసుంటే సన్నబడుతుంది. అదే లెక్క కాపలావాళ్ళ చెవులకీ వర్తిస్తుంది. వాళ్ళ అడుగులు మనకి ఎలా వినిపిస్తాయో మన అడుగులు వాళ్ళకీ అలాగే. తివాచీ మీద నడిస్తే నిశ్శబ్దం, పలకరాళ్ళ మీద టకటక, ఇనప రేకు మీద ఇంక చెప్పక్కర్లేదు. స్క్రీన్ కింద చిన్న రత్నం ఒకటి ఉంటుంది. మనం వెలుగులో ఉంటే అది మెరుస్తుంది, చీకట్లో ఉంటే నల్లబడుతుంది. చేతిలో కత్తి ఉన్నా దాన్ని వాడామంటే పని చెడినట్టే. ఎక్స్‌పర్ట్ స్థాయిలో ఆడేవాడు మనిషిని చంపితే ఆట అక్కడితో ఆఖరు. హాఫ్-లైఫ్ కూడా వచ్చిన ఏడాది అది. మొదటి వ్యక్తి చూపుతో సాగే ఆట అంటే చేతిలో తుపాకీ అని అందరూ అనుకుంటున్న కాలంలో వీళ్ళు దీపాలు ఆర్పమన్నారు.

ఇంత చక్కటి ఆలోచన మొదటినుంచీ వాళ్ళ దగ్గర ఉందనుకుంటే పొరపాటు. మొదట్లో ఈ ఆట పేరు బెటర్ రెడ్ దాన్ అన్‌డెడ్. కమ్యూనిస్టులూ నడిచే శవాలూ కత్తియుద్ధాలూ ఉండే ఒక వెక్కిరింత కథ. తర్వాత అది డార్క్ కేమ్‌లాట్ అయింది, ఆర్థర్ రాజు కథని మోర్డ్రెడ్ వైపునుంచి చెప్పే ప్రయత్నం. అదీ కుదరలేదు. అందులో దొంగతనం చేసే భాగాలే బావున్నాయనీ, వాటినే పట్టుకోమనీ స్టూడియో స్థాపకుల్లో ఒకడైన పాల్ న్యూరాత్ సలహా ఇచ్చాడు. ఆ తర్వాత కూడా దారి నల్లేరు మీద నడకేం కాదు. డబ్బు ఇబ్బందుల్లో చాలామంది స్టూడియో వదిలి వెళ్ళిపోయారు. కాపలావాళ్ళ బుర్రని నడిపే ప్రోగ్రాము పనికిరాదని తేలితే, ప్రధాన ప్రోగ్రామర్ టామ్ లెనార్డ్ దాన్ని పక్కనబెట్టి కొత్తగా రాశాడు. దాక్కోవడం అనేది అసలు ఆడదగ్గ ఆటేనా అన్నది చాలాకాలం వాళ్ళకే నమ్మకం లేదు.

ఆ నమ్మకం లేకపోవడం ఆటలో కనిపిస్తుంది. అసలు విషయం అదే.

మొదటి ఆటలో 12 ఘట్టాలు. మొదటిదాంట్లో గారెట్ అనే మన దొంగ ఒక ప్రభువు బంగళాలో రాజదండం కొట్టేస్తాడు. ఎలుగుబంట్ల పోటీల గురించి గొణుక్కునే కాపలావాళ్ళు, కాగడాలు, తివాచీలు. ఎంతో బావుంటుంది. రెండోది జైలు, అదీ గనుల్లోంచి దూరి వెళ్ళాలి. గనుల్లో నడిచే శవాలు. మూడోది పూర్తిగా శ్మశానం, బోన్‌హోర్డ్ అనే సమాధుల గుహ. ఆ తర్వాత మళ్ళీ ఊళ్ళోకి. మళ్ళీ దయ్యాలు పట్టిన గుడి. భూమి అడుగున పూడిపోయిన నగరం. బల్లుల్లాంటి జంతువులు, నిప్పు విసిరే జీవులు. దొంగతనం ఆడదామని వచ్చినవాడికి ఇదేం గోల అనిపిస్తుంది. ఆట వచ్చినప్పుడు మెచ్చుకున్నవాళ్ళు కూడా ఎక్కువగా చేసిన ఫిర్యాదు ఇదే: మనుషుల ఇళ్ళలో దూరడం అద్భుతం, ఈ శవాల గుహలెందుకు? చేసినవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. ఒట్టి దొంగతనంతో ఆట నిలబడుతుందో లేదోనని భయపడి, రాక్షసుల్ని అడ్డం పెట్టుకున్నారు.

ఆట నిలబడింది. లుకింగ్ గ్లాస్ ఆటల్లో బాగా అమ్ముడైనదయింది. ఇక రెండోదానికి సందేహాల్లేవు. స్టీవ్ పియర్సాల్ నాయకత్వంలో ఫిర్యాదులన్నీ ముందు పెట్టుకుని పని మొదలుపెట్టారు. శవాల్నీ గుహల్నీ దాదాపు తీసేశారు. 15 ఘట్టాల్లో ఎక్కువ భాగం ఊళ్ళోనే: ఓడరేవు గిడ్డంగులు, పోలీస్ స్టేషన్, బ్యాంకు, ధనవంతుల మేడలు. రంగు రంగుల వెలుతురు, వాన, పొగమంచు చేర్చారు. మలుపు అవతలికి విసిరి చూడ్డానికి ఒక కంటి గోళం ఇచ్చారు. ఇనప జాలీలకి కూడా అంటుకునే తీగ బాణం ఇచ్చారు. కిందటి ఆటలో కన్ను పోగొట్టుకున్న గారెట్‌కి ఇందులో యాంత్రికమైన కన్ను ఉంటుంది.

దీన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఫస్ట్ సిటీ బ్యాంక్ అండ్ ట్రస్ట్ అనే ఘట్టం లాంటిది మళ్ళీ ఏ ఆటలోనూ నాకు దొరకలేదు. పెద్ద బ్యాంకు, పాలరాతి నేల, దాని నడిబొడ్డున ఖజానా, లోపల ఒక రికార్డింగు. లైఫ్ ఆఫ్ ది పార్టీలో ఊరి ఇళ్ళకప్పుల మీంచి కప్పుల మీదకి వెళుతూ, దారిలో కిటికీలు కనిపించిన ఇళ్ళలోకల్లా దూరి, చివరికి విందు జరుగుతున్న మహాసౌధానికి చేరతాం. ఫ్రేమ్డ్‌లో పోలీస్ స్టేషన్లో దూరి, ఒక అధికారి మీద నేరం పడేలా ఆధారం పెట్టి రావాలి. చంపడం సరే, ఎవర్నీ తలమీద కొట్టి పడెయ్యకూడదు కూడా. వచ్చినట్టే తెలియకూడదు. దొంగతనం అనే పనిని ఇంత ఇష్టంగా, ఇంత శ్రద్ధగా నేర్పిన ఆట ఇంకోటి లేదు. శర్విలకుడు ఉంటే ఈ రెండో ఆటనే మెచ్చుకునేవాడు.

మరి నా పక్షం ఎందుకు మారింది?

బోన్‌హోర్డ్ దగ్గర మారింది. ఆ సమాధుల్లో ఎక్కడో ఒక మాయకొమ్ము ఉంది, దాన్ని తేవాలి. అది దానంతటదే మోగుతూ ఉంటుంది. దూరంనుంచి, ఒకటే రాగం. గుమ్మాల గుండా వచ్చే చప్పుడు కాబట్టి, ఏ దారిలో పెద్దదవుతోందో చెవితో పట్టుకుంటూ వెళ్ళాలి. మధ్యలో శవాలు లేస్తాయి. వాటిని తలమీద కొడితే పడవు. కత్తితో పొడిస్తే పడి మళ్ళీ లేస్తాయి. చీకట్లో నిల్చుంటే నన్ను చూడవు, నిజమే, కానీ ఆ చీకట్లో నిల్చోడానికి నాకే భయం. మొదటి ఘట్టంలో నేర్చుకున్న ప్రతి విద్యా ఇక్కడ సగమే పనిచేసింది. చీకటి అంతవరకు నా స్నేహితుడు. ఇక్కడ అదెవరి పక్షమో తెలీదు.

కాలేజీలో ఇక్కడే నాకు చిరాకు పుట్టింది. ఈసారి ఇక్కడే అర్థమైంది. మొదటి ఆట తన దొంగని పదే పదే అతని విద్య పనికిరాని చోటికి తీసుకెళుతుంది. ది స్వోర్డ్ ఘట్టంలో కాన్‌స్టంటైన్ అనే వాడి మేడలో ఖడ్గం దొంగిలించాలి. మామూలు బంగళాలాగే మొదలవుతుంది. పైకి వెళ్ళేకొద్దీ గదులు తలకిందులవుతాయి, నడవలు మెలికలు తిరుగుతాయి, చేతిలో ఉన్న పటం అక్కరకి రాదు. ఇల్లంటే ఇలా ఉంటుంది అన్న నమ్మకం మీదే కదా దొంగ బతుకుతాడు. ఆ నమ్మకాన్నే తీసేసుకుంటుంది ఆ ఇల్లు. దయ్యాల గుడికి తిరిగి వెళ్ళినప్పుడు మ్యూరస్ అనే చనిపోయిన పూజారి ఆత్మ కనబడి, తనకి జరగాల్సిన కర్మ జరిపించమంటుంది. ఏ దేవుణ్ణీ నమ్మని దొంగ జపమాల కోసం వెతుకుతూ, ప్రార్థనలు పోగుచేస్తూ తిరుగుతాడు. దొంగతనం ఆటలో అంత్యక్రియలు! ఇది ఎవడి ప్రణాళికలోనూ ఉండే సంగతి కాదు. ఏది నిలబడుతుందో తెలియక అన్నీ పెట్టి చూసినవాళ్ళ చేతిలోంచే ఇలాంటిది వస్తుంది.

రెండో ఆటలో అడ్డంకులు ఎక్కువే. కెమెరాలున్నాయి, ఆవిరి రోబోలున్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా విద్యుద్దీపాలున్నాయి. మొదటి ఆటలోనూ కొన్ని చోట్ల ఉన్నాయిగానీ ఇక్కడ ఊరంతా అవే. నీటి బాణం వేస్తే కాగడా ఆరుతుంది, బల్బు ఆరదు. శర్విలకుడి పురుగు ఇక్కడ రెక్కలు కాల్చుకోవాల్సిందే. వినడానికి ఇదీ విద్య పనికిరాని చోటులాగే ఉంటుంది. కానీ కాదు. ఎక్కడో గోడకి ఒక స్విచ్ ఉంటుంది, లేదా వెలుగు పడని మూల ఒకటి ఉంటుంది. రోబోకి వీపు వెనకాల బాయిలరు ఉంటుంది, దాని నిప్పు మీద నీటి బాణం వేస్తే ఆగిపోతుంది. ప్రతి అడ్డంకికీ దాని జవాబు పక్కనే ఉంటుంది. కష్టం పెరిగింది, తెలియనితనం తగ్గింది. మొదటి ఆటలో నేను భయపడ్డాను. రెండోదాంట్లో జాగ్రత్తపడ్డాను.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్. ఎక్కువ భాగం ఎవరో రాసినదాన్ని రెండోసారి బాగా రాసే పని. దాంట్లో మాకు దారి చూపించేవి ఫిర్యాదులు. వాడేవాళ్ళు విసుక్కున్నవి ఒక జాబితాగా వస్తాయి, ఒక్కొక్కటే తీసేస్తాం, జాబితా తరిగిపోతుంది, బాగుపడిందంటాం. ఒకసారి అలాగే, ఎవరికీ అర్థం కావట్లేదని ఒక పాత స్క్రీన్ తీసేశాం. ఫిర్యాదులు ఆగిపోయాయి. కొన్ని నెలల తర్వాత తెలిసింది, వాడేవాళ్ళలో ఇద్దరు ముగ్గురు లెక్కల్లో తేడాలు పట్టుకునేది ఆ స్క్రీన్ చూసేనట. వాళ్ళెప్పుడూ దాన్ని మెచ్చుకుంటూ మాకు రాయలేదు. అందరితో పాటు తిట్టుకుంటూ వాడుకున్నారు. ‘నన్ను విసిగించినదే నాకు కావాలి’ అని రాసే పెట్టె ఏ ఫారంలోనూ ఉండదు. శవాల గుహలెందుకని 1998లో అడిగినవాళ్ళలో నేనూ ఉండేవాణ్ణి. నా మాట విని, నాకోసమే తీసిన ఆట రెండోది. అందుకే అది నాకు అంత సుఖంగా ఉంది.

ఇంకో సంగతి ఉంది. రెండో ఆట కథలో ప్రతినాయకుడు కారస్ అనే మతాచార్యుడు. మొదటి ఆటలో సుత్తిని పూజించే హ్యామరైట్లనే శాఖ ఉంటుంది. దాన్నుంచి చీలి మెకానిస్టులనే వర్గం పెట్టాడు. అతనికి యంత్రమంటే భక్తి, మొక్కా మాకూ పచ్చదనమూ అంటే అసహ్యం. దిక్కులేని మనుషుల్ని పట్టుకొచ్చి ముఖానికి లోహపు ముసుగులు తొడిగి నోరెత్తని సేవకులుగా మారుస్తాడు. వాళ్ళద్వారా విషవాయువు వదిలి లోకంలో ప్రాణమున్నదంతా తుడిచేయాలన్నది అతని పథకం. మొదటి ఆటలో గారెట్ కన్ను పీకిన వనదేవత విక్టోరియా ఇప్పుడతనితో చేయి కలిపి, ఆ పోరాటంలోనే చనిపోతుంది. అడవీ బురదా వేర్లూ ఒక పక్క, శుభ్రంగా తిరిగే చక్రాలు ఇంకో పక్క. ఆట అడవి పక్షాన నిలబడుతుంది. కానీ ఆ ఆట తయారైన తీరు మాత్రం ఎక్కువగా రెండో పక్కదే. ముందు ఆటలోని బురదా వేర్లూ చాలావరకు కడిగేసి తీసిందది. ఇది వాళ్ళు కావాలని చేసిన వ్యంగ్యం అనుకోను. కారస్‌కీ గారెట్‌కీ గొంతు ఇచ్చింది స్టీఫెన్ రసెల్ అనే ఒకే నటుడు. చివరి ఘట్టంలో కారస్ ఉపన్యాసాలు వింటూ అతని కర్మాగారంలో గంటల తరబడి తిరుగుతుంటే, ఆ రెండు గొంతులూ ఒకడివేనన్న సంగతి నాకు మొదటిసారి ఇబ్బందిగా తోచింది.

థీఫ్ 2 మార్చిలో వచ్చింది. అదే ఏడు మే 24న లుకింగ్ గ్లాస్ మూతపడింది. అల్టిమా అండర్‌వరల్డ్, సిస్టమ్ షాక్ లాంటివి తీసిన స్టూడియో అది. తమకేం చేతనవునో పూర్తిగా తెలుసుకుని తీసిన ఆట బయటికొచ్చిన రెండు నెలలకే ఆ చేతులు చెదిరిపోయాయి. కొందరు అయాన్ స్టార్మ్‌కి వెళ్ళి 2004లో మూడో భాగం తీశారు. 2014లో ఇంకో స్టూడియో అదే పేరుతో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. వాటి సంగతి వేరే.

ఈ రెండు పాత ఆటలూ బతికింది అభిమానుల వల్ల. వందల కొద్దీ ఘట్టాలు వాళ్ళే తయారుచేసుకున్నారు. ఎక్కువమంది చాలాకాలం రెండో ఆట మీదే కట్టారు, దాని పనిముట్లు మెరుగు కాబట్టి. 2005లో వచ్చిన షాడోస్ ఆఫ్ ది మెటల్ ఏజ్ అలాంటిదే, ఒక పూర్తి ఆటంత ఉంటుంది. 2012లో ఎవరో మారుపేరుతో న్యూడార్క్ అనే సవరణ విడుదల చేశారు. దాంతో రెండు ఆటలూ కొత్త కంప్యూటర్లలో ఇబ్బంది లేకుండా నడవడం మొదలైంది. మొదటి ఆటకి పాతికేళ్ళు నిండిన 2023 డిసెంబరులో ది బ్లాక్ పరేడ్ అనే పది ఘట్టాల అభిమానుల ఆట వచ్చింది. ఏళ్ళ తరబడి శ్రమపడి తీసింది. దాన్ని వాళ్ళు కట్టుకున్నది మొదటి థీఫ్ మీద. అందులో సమాధులున్నాయి, శవాలున్నాయి.

ఏది మంచి ఆట అని ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే ఇప్పటికీ రెండోదే ఇస్తాను. ముందు బ్యాంకు దోచుకోనివ్వండి, దీపాలెక్కడున్నాయో చూడ్డం అలవాటు కానివ్వండి. చేతికి విద్య వచ్చిందనిపించాక మొదటిది ఇస్తాను. బోన్‌హోర్డ్‌లో దిగాక కొమ్ము వినిపిస్తుంది. పక్క గదిలో ఏదో లేచి నిలబడుతుంది. చేతిలో నీటి బాణాలు పుష్కలంగా ఉంటాయి. ఆర్పాల్సిన దీపం ఒక్కటి కూడా ఉండదు.